దాచడానికి మన దగ్గర ఏముంది?

(జిల్లా సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకిచ్చిన అంశం ఫోను, ఇంటర్నెట్టు, అందులో మన వివరాల భద్రత. నేను హైస్కూలుతో చదువు ఆపినవాణ్ణి. కంప్యూటర్ నిపుణుణ్ణి కాదు. ఈ సంగతులు నాకు తెలిసింది ఒక తప్పు చేయడం వల్ల. ముందు ఆ తప్పు చెబుతాను.

రెండేళ్ల కిందట తుపాను వానలకు మా ఊళ్లో మిర్చి కల్లాల్లోనే తడిసిపోయింది. సంఘం తరఫున ఇంటింటికీ తిరిగి నష్టపోయినవారి పేర్లు రాశాం. పేరు, సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు అన్నీ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఆఫీసులో ఇచ్చేముందు ఎవరికివాళ్లు సరిచూసుకుంటారని ఆ కాగితాలు ఫోటోలు తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గ్రూపులో రెండు వందల మందికి పైగా ఉన్నారు. అందులో ఊరివాళ్లు ఎందరో, బయటివాళ్లు ఎందరో నాకే తెలియదు.

నాలుగో రోజు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "మీరు ఫలానా కదా, మీ సర్వే నంబరు ఇంత కదా, పరిహారం మంజూరైంది, ఫోనుకొచ్చిన నంబరు చెప్పండి" అని. సర్వే నంబరుతో సహా చెబుతుంటే ఆఫీసువాళ్లు కాదని ఎవరనుకుంటారు? ఒక కౌలు రైతు ఓటీపీ చెప్పేశాడు. మళ్లీ విత్తనం వేయడానికి అప్పు తెచ్చి ఖాతాలో వేసుకున్న 31 వేలు పోయాయి. నా ఫోటో నుంచే పోయిందని రుజువు చేయలేను. కానీ ఆ వివరాలన్నీ ఒక్కచోట ఉన్నది ఆ కాగితంలోనే. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "పోనీలే అన్నా, నీకు మాత్రం ఏం తెలుసు" అన్నాడు. తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

గోప్యత సంగతి ఎత్తితే మనవాళ్లు ఒకటే మాటంటారు. "మనం రైతులం. దొంగతనం చేశామా, నల్లడబ్బు దాచామా? మన దగ్గర దాచడానికి ఏముంది?" నేనూ అలాగే అనేవాణ్ణి.

మిర్చి బస్తాలు వేసుకుని యార్డుకు వెళ్తాం. వ్యాపారి ముందు మనం ఏం చెప్పం? వడ్డీ కట్టాల్సిన గడువు ఎల్లుండేనని చెప్పం. కూతురి పెళ్లి పెట్టుకున్నామని చెప్పం. ఎందుకు? ఆ సంగతి తెలిస్తే వాడు ధర తగ్గిస్తాడు. రేపు రా, ఎల్లుండి రా అని తిప్పుతాడు. మన అవసరం ఎదుటివాడికి తెలిసిపోతే మన బేరం పోతుంది. గోప్యత అంటే ఇదే. తప్పు చేసినవాడు ముఖం దాచుకోవడం కాదు. బేరమాడేవాడు తన గుప్పిట మూసి ఉంచుకోవడం. మన తాతలకు ఇది తెలుసు. ఫోను చేతికొచ్చాక మనం మరిచిపోయాం.

ఫోను తెరిస్తే ఎవరు చూస్తారు?

మీరు ఫోనులో 'పంట రుణం వడ్డీ లేకుండా' అని వెతికారనుకోండి. ఆ క్షణంలో ఎవరెవరికి తెలుస్తుంది? వెతికిపెట్టిన గూగుల్‌కు తెలుస్తుంది. మీరు తెరిచిన వెబ్‌సైటుకు తెలుస్తుంది. ఆ సైటులో ప్రకటనలు పెట్టే కంపెనీలకు తెలుస్తుంది. సిమ్ కార్డు కంపెనీకి మీరు ఏ సైటుకు వెళ్లారో తెలుస్తుంది. తాళం గుర్తున్న సైటైతే లోపల ఏం చదివారో సిమ్ కంపెనీకి కనపడదు గానీ, ఏ గుమ్మం తొక్కారో కనపడుతుంది. మీ ఫోనుకు ఇంటర్నెట్టులో ఒక నంబరు ఉంటుంది, దాన్ని ఐపీ అడ్రసు అంటారు. దాన్నిబట్టి మీరు ఏ ప్రాంతం వారో ఉజ్జాయింపుగా పట్టేస్తారు. కుకీలనే చిన్న గుర్తులు మీ ఫోనులో వదులుతారు. పొలం గట్టు మీద అడుగుజాడల్లాంటివి అవి. మర్నాడు మీరు యూట్యూబులో ఇంకేదో చూస్తుంటే అప్పుల ప్రకటన వచ్చి కూర్చునేది ఆ జాడలు పట్టుకునే.

మా అబ్బాయిలాంటి కుర్రాళ్లు "ఇన్‌కాగ్నిటో పెట్టుకుంటే ఎవరికీ తెలియదు" అంటారు. అది పొరపాటు. ఇన్‌కాగ్నిటో మీ ఫోనులో చరిత్ర మిగలకుండా చేస్తుంది, అంతే. ఇంట్లోవాళ్లు ఫోను తీసి చూస్తే కనపడదు. సిమ్ కంపెనీకీ, వెబ్‌సైటుకూ కనపడుతూనే ఉంటుంది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నవాళ్ల సమాచారం కూడా గూగుల్ సేకరించిందని అమెరికాలో 2020లో కేసు వేశారు. ఆ సమాచారం చెరిపేస్తామని 2024లో ఆ కంపెనీ రాజీకి ఒప్పుకుంది.

వీపీఎన్ అనేది ఇంకొకటి. మీ ఐపీ అడ్రసు వెబ్‌సైటుకు కనపడకుండా మధ్యలో ఒక తెర కడుతుంది. కానీ తెర కట్టినవాడికి మీరు కనపడతారు. ఉచితంగా ఇచ్చేవాడు మీ వివరాలు అమ్ముకోడని నమ్మకం ఏముంది? పైగా 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది. వీపీఎన్ కంపెనీలు వాడకందారుల పేరు, చిరునామా, ఫోన్ నంబరులాంటివి కనీసం ఐదేళ్లు ఉంచాలని. కొన్ని కంపెనీలు అది ఇష్టంలేక మన దేశంలోని సర్వర్లు ఎత్తేసుకున్నాయి. టోర్ అనే బ్రౌజర్ ఉంది. అది మూడు మజిలీలు మార్చి పంపుతుంది, ఎవరు ఎక్కడికి వెళ్లారో ఏ ఒక్క మజిలీకీ పూర్తిగా తెలియదు. అయితే అందులోకి వెళ్లి మీ పేరుతో, మీ ఫోన్ నంబరుతో లాగిన్ అయితే ఏ తెరా మిమ్మల్ని దాచలేదు. ముసుగు వేసుకుని పేరు చెప్పినట్టే.

మన నష్టం ఎక్కువగా జరిగేది మాత్రం ఇంత దూరంలో కాదు. మన గుమ్మంలోనే జరుగుతోంది.

మూడు దారుల్లో దోపిడీ

మొదటిది నకిలీ యాప్. పీఎం కిసాన్‌లో ఏడాదికి 6 వేలు, మూడు విడతల్లో రెండేసి వేలు పడతాయి. విడత వచ్చే రోజుల్లో 'పీఎం కిసాన్' పేరుతో వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. అది నొక్కి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చామా, మన మెసేజ్‌లు వాడి చేతికి వెళ్తాయి. ఓటీపీ మనం చెప్పనక్కరలేదు, వాడే చదువుకుంటాడు. మనం లబ్ధిదారులమని వాడికెలా తెలుసంటారా? ఊరివారీ లబ్ధిదారుల జాబితా ఆ పథకం వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. అంతేకాదు, ఆ వెబ్‌సైటులో ఒక భాగం నుంచి రైతుల ఆధార్ నంబర్లు బయటపడుతున్నాయని ఒక భద్రతా పరిశోధకుడు పట్టుకున్న సంగతి 2022 జూన్‌లో బయటికొచ్చింది. దాన్ని సరిచేశారు. ఈ మధ్యలో ఎవరు చూశారో ఎవరు చెబుతారు?

రెండోది అప్పుల యాప్. 2020 చివర్లో తెలంగాణలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఐదారు వేల అప్పుకోసం యాప్ పెట్టుకున్నవాళ్ల ఫోనులోంచి కాంటాక్టులూ ఫోటోలూ లాగి, బంధువులకు ఫోన్లు చేసి, ఫోటోలు మార్చి పంపి పరువు తీశారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పు ఇచ్చే యాప్ మీ కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ వివరాలు తీసుకోకూడదు. కాబట్టి ఏ అప్పుల యాప్ అయినా కాంటాక్టులకు అనుమతి అడిగిందంటే అది నియమం తప్పుతున్నట్టే. అక్కడే తీసేయండి.

మూడోది వేలిముద్ర. ఊళ్లో చిన్న మిషను మీద వేలు పెట్టి డబ్బు తీసుకుంటున్నాం కదా, ఆధార్ ఆధారిత చెల్లింపు అది. దానికి ఓటీపీ అక్కరలేదు, పిన్ అక్కరలేదు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర చాలు. ఇప్పుడు ఆలోచించండి. భూమి దస్తావేజు మీద ఏముంటాయి? మన పేరు, మన వేలిముద్ర. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలు తీసుకుని, రబ్బరు ముద్రలు చేసి, ఊరూ పేరూ తెలియనివాళ్ల మీద వేల సిమ్ కార్డులు తెరిచాడని పోలీసులు పట్టుకున్నారు. పాస్‌వర్డు పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం. పొలం కొన్న సంతోషంలో వేసిన వేలిముద్రే దొంగకు తాళంచెవి అయింది.

ఇంటికెళ్లి చేయాల్సినవి

ఒకటి. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. ఎంఆధార్ యాప్‌లో గాని, ఆధార్ వెబ్‌సైటులో గాని చేయొచ్చు. ఆధార్‌కు ఫోన్ నంబరు కలిసి ఉండాలి. లాక్ చేశాక మీ వేలిముద్రతో ఎవరూ డబ్బు తీయలేరు. రేషన్‌కో, పింఛనుకో, ఈకేవైసీకో వెళ్లేటప్పుడు మీరే కాసేపు తెరుచుకోవచ్చు. పెద్దవాళ్లకు లాక్ చేసేముందు మాత్రం తెరిచే పని ఎవరు చూస్తారో చెప్పుకోండి, లేకపోతే రేషన్ దగ్గర ఇబ్బంది పడతారు.

రెండు. జిరాక్సు ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనపడతాయి. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయమే జిరాక్సులు ఎక్కడపడితే అక్కడ ఇవ్వొద్దని ప్రకటన ఇచ్చింది. రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రకటన వెనక్కి పోయినా ప్రమాదం వెనక్కి పోలేదు. జిరాక్సు ఇస్తే దాని మీద అడ్డంగా ఏ పనికి ఇస్తున్నారో, తేదీతో రాయండి.

మూడు. వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు ఏ పేరుతో వచ్చినా నొక్కొద్దు. పంపింది బావమరిది అయినా సరే. ఆయన ఫోను ఇప్పటికే దొంగ చేతిలో ఉండొచ్చు.

నాలుగు. వాట్సాప్ సెట్టింగుల్లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. గ్రూపుల్లో మిమ్మల్ని ఎవరు చేర్చొచ్చు అన్నచోట మీ కాంటాక్టులు మాత్రమే అని మార్చండి. ఫోటోలు, ఫైళ్లు వాటంతటవే దిగకుండా ఆపండి.

ఐదు. ఫోన్ సెట్టింగుల్లో యాప్‌ల అనుమతులు చూడండి. టార్చి యాప్‌కు మీ కాంటాక్టులతో పనేంటి? ఎరువుల ధర చెప్పే యాప్‌కు మీ మైకుతో పనేంటి? అక్కరలేనివి తీసేయండి. గూగుల్ ఖాతాలో మీరు వెతికినవన్నీ జాబితాగా ఉంటాయి. మూడు నెలలకోసారి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు.

ఆరు. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీలో చూసుకోండి. మీవి కానివి ఉంటే అక్కడే చెప్పొచ్చు.

ఏడు. డబ్బు పోతే సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే 1930కు ఫోన్ చేయండి. గంటలోపు చేస్తే ఆ డబ్బు దొంగ తీసుకోకముందే ఖాతాలో ఆపే అవకాశం ఎక్కువ. బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి వల్ల పోయిన సొమ్ము సంగతి మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఆ నష్టం మన మీద పడకూడదు. ఓటీపీ మనమే చెబితే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా పోయిన సొమ్ము మనదే. అందుకే ప్రతి నిమిషం లెక్కే.

గొంతెత్తేవాడికి నీడ కావాలి

డబ్బు ఒక సంగతి. రెండో సంగతి మన సంఘానికి ఇంకా ముఖ్యమైనది.

మా మండలంలో ఒక కుర్ర రైతు మొలకెత్తని పత్తి విత్తనం ప్యాకెట్లు ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. మంచి పనే. సాయంత్రానికి ఆ మెసేజ్ ఫోటో, అతని పేరు, నంబరుతో సహా, అమ్మిన దుకాణదారు చేతిలో ఉంది. ఆ సీజనులో అతనికి ఎరువు అరువు దొరకలేదు. ఆ దుకాణంలోనే కాదు, పక్క దుకాణంలో కూడా. మర్నాటి నుంచి మిగతావాళ్లెవరూ ఫోటోలు పెట్టలేదు. విత్తనం అందరిదీ మొలవలేదు, నోరు మాత్రం అందరిదీ మూతపడింది.

పేరు చెప్పకుండా నిజం చెప్పే అవకాశం బలహీనుడికి కావాలి. బలవంతుడికి దాని అవసరం లేదు. నకిలీ విత్తనం మీద, తూకం మోసం మీద, ఇసుక తవ్వకం మీద చెప్పేది చిన్న రైతే, కౌలు రైతే. అందుకని ఇకమీదట మన పద్ధతి మార్చుకోవాలని నా సూచన. ఫిర్యాదు గ్రూపులో పెట్టొద్దు. బాధ్యులకు విడిగా ఇవ్వండి. ప్యాకెట్, బిల్లు, లాట్ నంబరు జాగ్రత్తగా ఉంచండి. అధికారి దగ్గరికి సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్దాం. ఒక్క రైతు పేరు ముందుకు తోయొద్దు. పేరు చెప్పక తప్పని చోట అతన్ని అడిగి, అతనితో కలిసి వెళ్దాం. బయటికి పెట్టే ఫోటోలో మనుషుల ముఖాలు, బండి నంబర్లు లేకుండా చూడండి. ఒక మాట మాత్రం మరిచిపోవద్దు. పేరు దాచుకుని అబద్ధం చెప్పడానికి ఇది దారి కాదు. పేరు లేని ఫిర్యాదును సంఘం పొలానికి వెళ్లి కళ్లారా చూసిన తర్వాతే ఎత్తుకోవాలి.

2021లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతు ఉద్యమం జరుగుతున్నప్పుడు సింఘు, టిక్రీ, ఘాజీపూర్ దగ్గర జనవరి చివర్లో ఇంటర్నెట్టు ఆపేశారు. ఫిబ్రవరి 1న రైతుల ట్విటర్ ఖాతా కిసాన్ ఏక్తా మోర్చా మన దేశంలో కనపడకుండా పోయింది, తర్వాత తెరిచారు. మీటలు మన చేతిలో లేవని అప్పుడు తెలిసింది. అందుకే సంఘం పనంతా ఒక్క ఫోను మీద, ఒక్క గ్రూపు మీద ఆధారపడకూడదు. కరపత్రం, ఇంటింటి ప్రచారం, ఈ పత్రిక మన చేతిలో ఉన్న మీటలు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు ఇచ్చారు, గోప్యత ప్రాథమిక హక్కని. కేసు వేసింది కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన న్యాయమూర్తి పుట్టస్వామి. ఆ తర్వాత 2023 ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. తప్పు చేసిన సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చని అందులో ఉంది. 2025 నవంబరులో నియమాలు ఇచ్చారు. వివరాలు తీసుకునేవాడి బాధ్యతలు చెప్పే ప్రధాన భాగాలకు 18 నెలల గడువు ఇచ్చారు. కానీ అదే చట్టంలో సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె)ని మార్చే భాగం ఉంది. దానికి గడువు ఇవ్వలేదు, వెంటనే అమల్లో పెట్టారు. ఇదివరకు ప్రజాప్రయోజనం ఉంటే వ్యక్తిగత సమాచారమైనా ఇవ్వాలని ఆ సెక్షన్‌లోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగతం అని ఒక్క మాట అని తోసిపుచ్చే వీలు వచ్చింది. పరిహారం ఎవరికి వెళ్లింది, ఎందుకు వెళ్లింది అని మనం అడిగే ప్రశ్నకు అడ్డం ఇది. అంటే మన వివరాలకు తాళం తర్వాత వేస్తారట, వాళ్ల బీరువాకు ముందే వేసుకున్నారు.

ఇక రైతు గుర్తింపు సంఖ్య. 2024 సెప్టెంబరులో కేంద్రం 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు ఆమోదం ఇచ్చింది. దాని కిందే మన రెండు రాష్ట్రాల్లో 2025లో రైతు నమోదు మొదలుపెట్టారు. భూమి, ఆధార్, పంట వివరాలన్నీ ఒక సంఖ్యకు కట్టేస్తారు. పథకం సులువుగా అందితే మంచిదే, మనం వద్దనడం లేదు. కానీ 2021లోనే ఈ ఏర్పాటు కోసం మైక్రోసాఫ్ట్‌తో కేంద్రం ఒప్పందం చేసుకుంది. ఆరు రాష్ట్రాల్లో వంద గ్రామాల్లో ప్రయోగమన్నారు, ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. రైతులను అడగకుండా ఇదేంటని అప్పట్లో 55 సంస్థలు లేఖ రాశాయి. ఆ ప్రశ్న ఈరోజుకూ ఉంది. నా పొలం, నా పంట, నా అప్పు వివరాలు విత్తన కంపెనీకో, బీమా కంపెనీకో ఇస్తే నాతో చెప్పి ఇస్తారా? కౌలు రైతుకు ఈ సంఖ్యలో చోటెక్కడ?

అందుకని నాలుగు కోర్కెలు తీర్మానంలో పెట్టమని కోరుతున్నాను. రైతు వివరాలు ఎవరికి ఇచ్చారో రైతుకు తెలుగులో తెలియజేయాలి. దస్తావేజుల నకళ్లలో వేలిముద్ర, ఆధార్ కనపడకుండా చేయాలి. గుర్తింపు సంఖ్య లేదన్న కారణంతో కౌలు రైతుకు ఏ పథకమూ ఆపకూడదు. సమాచార హక్కు చట్టంలో పాత సెక్షన్ తిరిగి తేవాలి.

ఒకదానికొకటి విరుద్ధం కదా అని ఎవరైనా అడగొచ్చు, గోప్యతా కావాలంటారు, సమాచారమూ కావాలంటారు అని. విరుద్ధం కాదు. ప్రభుత్వ సొమ్ము ఎటు పోయిందో అది ఊరందరి సంగతి. నా ఆధార్ నంబరు, నా వేలిముద్ర నా ఒక్కడి సంగతి.

చివరిగా మన సంఘం గురించి. నాయకులకు చెప్పేముందు మనం మారాలి. సభ్యత్వ రశీదుకు ఆధార్ జిరాక్సు ఎందుకు తీసుకుంటున్నాం? పాత కాగితాలు ఎవరి ఇంట్లో, ఏ అటక మీద ఉన్నాయి? నష్టపరిహారం జాబితా మళ్లీ రాయాల్సి వస్తే ఆధార్, ఖాతా నంబర్లు గ్రూపులో పెట్టొద్దు. పంచాయతీ దగ్గర కూర్చుని ఒక్కొక్కరికీ వాళ్ల వరసే చూపించి సరిచూద్దాం. ఒక రోజు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

మా ఊరి కౌలు రైతు డబ్బు తిరిగి రాలేదు. సంఘంలో చందా వేసుకుని విత్తనానికి సరిపడా ఇచ్చాం. ఆయన తీసుకునేటప్పుడు "ఈసారి జాబితా నువ్వే రాయి అన్నా, ఇప్పుడు నీకు తెలుసుగా" అన్నాడు. నాకు తెలిసింది మీకూ తెలియాలనే ఇంతసేపు మాట్లాడాను. ఇక్కడి నుంచి లేచేముందు పక్కవాడి ఫోనులో ఆధార్ లాక్ పెట్టించి వెళ్దాం. రాని వాళ్లకు మన కుర్రాళ్లు చేసి పెడతారు.

సెలవు.